సంస్కృతం పోయి లెక్కలొచ్చె : ఎకనామిక్స్ బి.ఏ. గడప

1912లో అంబేద్కర్ ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రాలతో బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి బి.ఏ. పొందారు. అంతకుముందు హైస్కూల్లో సంస్కృతం చదువుతానంటే అంటరానివాడికి చెప్పనన్నారు. గత్యంతరం లేక పారశీకం తీసుకున్నారు. 1923లో రూపాయి సమస్య మీద పుస్తకం అచ్చేసిన మనిషికి, బడి వయసులో సబ్జెక్టు ఎంచిపెట్టింది కులమే.

ఇప్పుడా గడప మీద సంస్కృతం లేదు, లెక్కలున్నాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్ ఆనర్స్‌కి పన్నెండో తరగతిలో లెక్కలు చదివుండాలి. మన ఇంటర్లో ఎకనామిక్స్ ప్రధానంగా మూడు గ్రూపుల్లో ఉంది: హెచ్.ఇ.సి., సి.ఇ.సి., ఎం.ఇ.సి. లెక్కలున్నది చివరిదాంట్లోనే. మా వాడ నుంచి కాలేజీకెళ్లినోళ్లం మొదటి రెండింట్లోనే చేరాం. పదో తరగతి మార్కుల లిస్టు చూడకుండానే "లెక్కలు మీ వల్ల కాదులే, హెచ్.ఇ.సి. తీస్కో" అన్నారు నాతో. దాంతో ఏ తలుపు మూసుకుపోతుందో చెప్పేవాళ్లు మా ఇంట్లో ఎవరున్నారు?

ఆర్థికశాస్త్రానికి లెక్కలు అక్కర్లేదని నేననను. కావాలి. అర్హతల పట్టికలో "లెక్కలు తప్పనిసరి" అని ఉంటుంది. అవి ఎవరికి అందకుండా పోయాయో ఉండదు.

డిఫరెన్షియేషన్ నేను మొదటిసారి చూసింది ఎం.ఏ.లో. "ఇదంతా ఇంటర్లోనే అయిపోయుంటుంది గదా" అని మాస్టారు బోర్డు తుడిచేశారు.