సల్వా విల్లాల గేటు లోపల

కువైట్‌లోని హవల్లీ గవర్నరేట్‌లో, సముద్రానికి దగ్గరగా ఉన్న విల్లాల పేట సల్వా. చీకటి పడ్డాక జమియా అనే సహకార దుకాణం నుంచి సరుకులు పట్టుకుని ఒక ఆడమనిషి ఒంటరిగా నడిచి వచ్చినా అక్కడి వీధుల్లో పెద్దగా జంకాల్సిన పని లేదు. అయినా రాజంపేట, రాయచోటి, కోడూరు, రాజోలు, నరసాపురం వైపు నుంచి ఇళ్ల పనికి వెళ్లిన ఆడవాళ్ల గురించి ఇక్కడి కుటుంబాలు దశాబ్దాలుగా దిగులు పడుతూనే ఉన్నాయి. ఆ దిగులంతా గేటు లోపలి సంగతి. పరాయి దేశంలో మన మనిషికి రక్షణ ఎలా వచ్చింది, ఎంత ఆలస్యంగా వచ్చింది అన్న కథ ఆ గేటు చుట్టూనే తిరుగుతుంది.

ఒకప్పుడు పరాయి ఊళ్లో ఉన్నది కువైటీలే. ఖర్జూరాలు, ముత్యాలు వేసుకుని వాళ్ల పడవలు బొంబాయికి, మలబారు తీరానికి వచ్చేవి. పడవలు కట్టే కలప ఇక్కడి నుంచే వెళ్లేది. 1961 ఏప్రిల్‌లో దినార్ వచ్చేదాకా అక్కడ చెలామణి అయింది రూపాయే. 1938లో బుర్గాన్‌లో చమురు పడింది, 1946లో మొదటి ఓడ చమురుతో బయలుదేరింది. అక్కడితో రాకపోకల దిశ తిరగబడింది.

ఊరి రూపం కూడా మారింది. 1952 నాటి నగర ప్రణాళిక పాత ప్రాకారాల బయట కొత్త పేటలను గీసింది. ప్రతి పేటకూ బడి, మసీదు, జమియా. రింగు రోడ్లు ఒక్కొక్కటే బయటికి జరిగేకొద్దీ సల్వా లాంటి పేటలు పుట్టుకొచ్చాయి. ఎత్తయిన గోడ, రెండు మూడు అంతస్తుల విల్లా, గేటు పక్కన డ్రైవరు గది, లోపలెక్కడో పనిమనిషి గది. ఇంత పెద్ద ఇల్లు నడవాలంటే పనివాళ్లు కావాలి. 1973 తర్వాత చమురు ధర పెరగడంతో ఆ పనికి ఆసియా దేశాల నుంచి మనుషులు వెళ్లారు. కడప, గోదావరి జిల్లాల వాళ్లకు ఆ దారి అప్పటి నుంచే అలవాటైంది.

వెళ్లినవాళ్ల బతుకును శాసించింది 1959 నాటి విదేశీయుల నివాస చట్టం, దానితో పెనవేసుకున్న కఫాలా పద్ధతి. అకామా అనే నివాస అనుమతి కొట్టించేది కఫీల్, అంటే పనికి పెట్టుకునే యజమాని. దాన్ని రద్దు చేయించగలిగేదీ కఫీలే. కంపెనీ పనివాడిది 18 నంబరు వీసా, ఇంటి పనివాళ్లది 20 నంబరు ఖాదిం వీసా. రెంటి మధ్య తేడా చిన్నది కాదు. ఖద్దామా, అంటే పనిమనిషి, పని వదిలి గేటు దాటితే ఆమె పారిపోయిందని కఫీల్ కేసు పెట్టవచ్చు. దానితో అకామా పోతుంది. దెబ్బలు తిన్న మనిషి ఫిర్యాదు చేయడానికి బయటికి వచ్చీ రాగానే తానే నేరస్థురాలవుతుంది. ఇంతకంటే అన్యాయమైన లెక్క ఊహించడం కష్టం.

మన వైపు 1983లో ఎమిగ్రేషన్ చట్టం వచ్చింది. ఏజెంట్లకు రిజిస్ట్రేషన్, తక్కువ చదువుకున్నవాళ్లకు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి అనుమతి తప్పనిసరి చేసింది. కానీ ఆ కాపలా విమానాశ్రయం దగ్గరే ఆగిపోయేది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. అప్పటికి అక్కడున్న భారతీయులు లక్షన్నరకు పైమాటే. పాస్‌పోర్టులు కఫీళ్ల బీరువాల్లో ఉండిపోయిన వాళ్ల అవస్థ చెప్పనలవి కాదు. బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరినవాళ్లను ఎయిర్ ఇండియా 488 విమానాల్లో ఇంటికి చేర్చింది. ఒక దేశం తన పౌరులను అంత పెద్ద సంఖ్యలో విమానాల్లో తరలించడం పౌర విమానయాన చరిత్రలో అరుదు.

యుద్ధం ముగిశాక మళ్లీ ఆడవాళ్లు వెళ్లారు. 1991 మే నుంచి ఏడాది కాలంలో సుమారు 2,000 మంది ఆసియా పనిమనుషులు యజమానుల ఇళ్ల నుంచి పారిపోయి తమ తమ ఎంబసీల్లో తలదాచుకున్నారని 1992లో మిడిల్ ఈస్ట్ వాచ్ నివేదిక లోకానికి చెప్పింది. జీతం ఎగ్గొట్టడం, కొట్టడం, అత్యాచారం, అన్నీ అందులో ఉన్నాయి. ఆ ఏడే ఇంటి పనివాళ్లను తెప్పించే మక్తబ్‌లు అనే ఆఫీసుల మీద ఒక డిక్రీ వచ్చింది. అది మక్తబ్‌కు లైసెన్సు సంగతి చెప్పింది గానీ ఖద్దామా హక్కుల జోలికి పెద్దగా పోలేదు. 2010లో ప్రైవేటు రంగానికి కొత్త కార్మిక చట్టం వచ్చినప్పుడు కూడా ఇంటి పనివాళ్లను బయటే ఉంచారు.

అసలైన మలుపు 2015 నాటి 68వ నంబరు చట్టం. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి జీతంతో కూడిన 30 రోజుల సెలవు, పని మానేటప్పుడు ఏడాదికి ఒక నెల చొప్పున జీతం ఇవ్వాలి. పనిమనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దాచిపెట్టుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లుగా ఖరారైంది. గల్ఫ్ దేశాల్లో ఇంటి పనికి కనీస జీతం నిర్ణయించడం అదే మొదలు. చట్టం మంచిదే. ఆ ఇంట్లోకి వెళ్లి అది అమలవుతోందో లేదో చూసే ఏర్పాటు మాత్రం అందులో లేదు. ఆ చట్టం ఇచ్చిన హక్కుల్లో వారపు సెలవు అన్నింటికన్నా విలువైనది. ఎందుకంటే జీతం లెక్క, దెబ్బల సంగతి, జ్వరం, ఏదైనా మరో మనిషి చెవిన పడేది ఆ రోజే. శుక్రవారం కువైట్ సిటీలోని మాలియా ప్రాంతానికో, నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో జరిగే తెలుగు ఆరాధనకో వెళ్లగలిగిన మనిషికి కష్టం వస్తే నలుగురికి తెలుస్తుంది. సెలవు లేని మనిషి ఉందో లేదో కూడా ఎవరికీ తెలియదు.

2018 ఫిబ్రవరిలో ఖాళీ ఫ్లాటులోని ఫ్రీజర్‌లో ఒక ఫిలిప్పీన్స్ పనిమనిషి శవం దొరికింది. ఆమె చనిపోయి ఏడాది దాటింది. మనీలా తన వాళ్లను పంపడం ఆపేసింది, మేలో కువైట్‌తో ఒప్పందం చేసుకున్నాకే తలుపు తెరిచింది. అందులో ఫోను పనిమనిషి దగ్గరే ఉండాలన్న షరతు ఉంది. భారత్ అప్పటికే 30 ఏళ్లు నిండని ఆడవాళ్లకు ఈ పనికి అనుమతి నిలిపింది, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలంది. దళారులు దానికీ దారి కనిపెట్టారు. ముందు విజిట్ వీసాతో దుబాయ్, అక్కడి నుంచి కువైట్. ఏ రికార్డులోనూ లేని మనిషిని ఏ సర్కారు వెతుకుతుంది? ఇంటి పనివాళ్ల కోసం భారత్, కువైట్‌ల మధ్య ఒప్పందం కుదిరింది 2021 జూన్‌లో.

ఊరి బయట సంగతి వేరు. 20 నంబరు వీసా మీద ఇంటి పనికని రప్పించి ఎడారిలోని జాఖూర్‌కు, అంటే గొర్రెలు, ఒంటెల దొడ్డికి పంపేస్తుంటారు. 2016 జులైలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం అది. సల్వాలో గేటు బయట పక్కింటివాళ్లైనా ఉంటారు, జాఖూర్ చుట్టూ ఇసుక తప్ప ఏమీ లేదు. 2024 జులైలో అన్నమయ్య జిల్లా మనిషి ఒకరు అలాంటి చోటు నుంచి ఏడుస్తూ వీడియో పంపారు. మంత్రి నారా లోకేశ్ దృష్టికి అది వెళ్లింది, ఎంబసీ ఆయన్ను వెతికి ఇంటికి పంపింది. ఫోనులో చార్జింగు ఉండబట్టి ఆయన బయటపడ్డారు.

దానికి నెల ముందే, 2024 జూన్ 12న, మంగాఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడి 45 మంది భారతీయులు చనిపోయారు. మృతుల్లో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. ఆ వేసవిలోనే రెండు నెలలపాటు 20 నంబరు వీసా నుంచి 18కి మారే వీలు కల్పించారు. 2025 జనవరి నుంచి 1959 నాటి నివాస చట్టం స్థానంలో కొత్తది అమలులోకి వచ్చింది. కఫీల్ మాత్రం ఉన్నాడు. అందుకే సల్వాలో పనికి కుదిరే మనిషికి విమానం ఎక్కకముందే కువైట్ అత్యవసర నంబరు 112, ఎంబసీ నంబరు కంఠతా వచ్చి ఉండాలి. దిగిన మొదటి రోజే పనిచేసే ఇంటి బ్లాకు, వీధి, నంబరు సొంతూరికి ఫోన్ చేసి చెప్పాలి. భారత విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు రాసేది చాలాసార్లు ఊళ్లో ఉన్న చెల్లెలో కొడుకో. అడ్రసు చేతిలో లేని ఫిర్యాదుతో ఎంబసీ సిబ్బంది ఏ గేటు తట్టాలి?