అర్థం కాని భాషలో అడిగితే

అమెరికాలోని కాలిఫోర్నియాలో కెటిల్‌మన్ సిటీ అనే ఊరుంది. పేరుకే సిటీ, ఉండేది పొలం కూలీలు. 1990 ప్రాంతంలో వెయ్యికి కాస్త పైన జనాభా. నూటికి 95 మంది లాటినోలు. నూటికి 40 మందికి స్పానిష్ తప్ప మరో భాష రాదు. ఊరికి మూడున్నర మైళ్ళలో 1970ల చివర నుంచే ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే పెద్ద గొయ్యి ఉంది. దానికి జరిమానా పడిందని పత్రికలో వచ్చాకే, అలాంటిది ఒకటుందని ఊరికి తెలిసింది!

1988లో కెమికల్ వేస్ట్ మేనేజ్‌మెంట్ అనే ఆ కంపెనీ అక్కడే వ్యర్థాలను కాల్చే ఇన్సినరేటర్ పెడతానంది. కాల్చేస్తే పోతుంది కదా అనుకుంటాం. పోదు. సీసం, పాదరసం మంటకు నశించవు. కొంత పొగలోకి, కొంత బూడిదలోకి వెళతాయి. క్లోరిన్ ఉన్న చెత్త కాలినప్పుడు డయాక్సిన్లు పుడతాయి. అవి గడ్డి మీద వాలి, పశువు కొవ్వులో చేరి, పాలతో పిల్లల ఒంట్లోకి వస్తాయి. అందుకే ముందు ఊరిని అడగాలి.

అడిగారు. వెయ్యి పేజీలకు దగ్గరగా ఉన్న నివేదిక ఇంగ్లీషులో ఇచ్చి, కొద్ది పేజీల సారాంశం మాత్రం స్పానిష్‌లో ఇచ్చారు. పూర్తిగా అనువదించమని వందకు పైగా ఉత్తరాలు వెళ్ళినా వినలేదు. విచారణ 30 మైళ్ళకు పైగా దూరంలోని హాన్‌ఫర్డ్‌లో పెట్టారు. ఊరివాళ్ళు కదిలి వెళితే, అనువాదం కావలసినవాళ్ళు హాలు వెనక్కి వెళ్ళమన్నారు.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. మన 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం సారాంశం ఇంగ్లీషులోనూ, రాష్ట్ర అధికార భాషలో లేదా స్థానిక భాషలోనూ ఉండాలి. అది తెలుగులో వస్తే చాలనుకుంటారు. కోయ, గోండి, కువి, కొలామి మాట్లాడే ముసలివాళ్ళకు అది ఎంతవరకు అందుతుంది? ఒకటో తరగతి పిల్లలకు తెలుగు వాచకాన్ని మన భాషలో విప్పి చెబితేనే ఎక్కుతుందని ఉపాధ్యాయులుగా మేము రోజూ చూస్తున్నాం.

కౌంటీ అనుమతి ఇచ్చేసింది. ఊరివాళ్ళు శుభ్రమైన గాలి, నీరు కోసం కట్టుకున్న సంఘం కోర్టుకెక్కింది. స్పానిష్ మాత్రమే తెలిసినవాళ్ళను నిర్ణయంలో పాల్గొననివ్వలేదని, నివేదికను అనువదించాల్సిందని 1991 డిసెంబరులో తీర్పు వచ్చింది. 1993లో కంపెనీ ఇన్సినరేటర్ దరఖాస్తును వెనక్కి తీసుకుంది.

గొయ్యి మాత్రం పోలేదు. దాన్ని ఇంకా పెంచుకోవడానికి 2014లో అనుమతి వచ్చింది.