కవిలె కట్ట నుంచి కేబులు కట్ట దాకా

గ్రంథమనే మాటకు మూలార్థం వ్రాయబడినది అని కాదు, కూర్చి ముడివేయబడినది అని. తాటాకులకు రంధ్రం చేసి, దారం గుచ్చి, ముడివేస్తే అది గ్రంథమయింది. సూత్రమన్నా దారమే. ఇక తంత్రి అంటే తీగ. దాని వికృతి తంతి. నిన్న మొన్నటి దాకా మనం తంతి తపాలా శాఖ అన్నప్పుడు పలికినది ఆ మాటనే. కనుక బల్ల క్రింద దుమ్ము పట్టి చిక్కుపడి ఉన్న కేబులు కట్టనూ, భాండాగారంలోని తాళపత్రాల కట్టనూ పక్కపక్కన పెట్టి చూడటం తెలుగు పండితుడికి అంత అసహజమేమీ కాదు. రెంటిలోనూ కట్టటం తేలిక. కట్టినది ఏమిటో పైకి తెలిసేటట్లు చేయటమే కష్టం.

ఈ రోజుల్లో విద్యుత్ పనివారు, కంప్యూటరు పనివారు తీగలకు అంటించే అచ్చు చీటీలను చూసినప్పుడల్లా నాకు మా మార్కాపురం, కంభం, గిద్దలూరు సీమలోని పాత కట్టలు గుర్తుకు వస్తాయి. ఈ చీటీకి పూర్వులెవరో చెప్పుకొందామని ఈ టపా.

తాళపత్ర గ్రంథానికి అట్ట మీద పేరు ఉండదు. పైన క్రింద రెండు చెక్కలు, మధ్యన ఆకులు, వాటిని చుట్టిన దారం, అంతే. ఒకే కట్టలో రెండు మూడు గ్రంథాలు కలిసి ఉండటమూ కద్దు. ఆకు అంచున సంఖ్య వేస్తారు కాని, దారం తెగి రెండు కట్టల ఆకులు కలిసిపోతే ఆ సంఖ్య ఎంతవరకు ఆదుకొంటుంది? రెండు కట్టల్లోనూ పన్నెండవ ఆకు ఉంటుంది గదా. ఇక్కడే మన ప్రబంధ కవుల ఆశ్వాసాంత గద్యకు ఒక లౌకిక ప్రయోజనం కనబడుతుంది. ప్రతి ఆశ్వాసం చివర కవి తన పేరు, తండ్రి పేరు, కావ్యం పేరు, అది ఎన్నవ ఆశ్వాసమో చెప్పి ముగిస్తాడు. తరగతిలో పిల్లలకు అది విసుగు పుట్టించేది. "మళ్ళీ ఇదేనా మాస్టారూ" అనేవారు. అది కవి డంబమని కొందరు విమర్శకులు అంటారు గాని, నేను ఒప్పుకోను. పొడవైన తీగకు రెండు కొనల్లోనే కాక నడుమ నడుమ కూడా చీటీ వేయటం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. ఎక్కడ తెగినా, దొరికిన ముక్క తానెవరిదో తాను చెప్పుకొంటుంది. ఇప్పటి ఆప్టికల్ ఫైబరు కేబులు పైతొడుగు మీద తయారీదారు పేరు, మీటరు మీటరుకు పొడవు అచ్చువేసి ఉండటం చూశారా? అది ఆశ్వాసాంత గద్యే.

కల్నల్ కాలిన్ మెకంజీ దత్తమండలాల గ్రామాల నుంచి కైఫీయతులు సేకరింపజేసిన రోజుల్లో కంభం, మార్కాపురం ప్రాంతాలు కడప జిల్లాలోనివి. ఆయన 1821లో కన్నుమూశాడు. పోగైన ఆ కాగితాలు, ఆకులు ఎవరికి అర్థం కావాలి? ఏడేళ్ళకు, 1828లో, హెచ్.హెచ్. విల్సన్ వాటికొక పట్టిక అచ్చువేయించాడు. లోపాలున్నా ఆ పట్టిక వల్లనే అందులో ఏమున్నదో లోకానికి తెలిసింది. తరువాత బ్రౌన్ దొర తెలుగు ప్రతులను సేకరించి, శుద్ధప్రతులు వ్రాయించి, వరుస పెట్టించాడు. ఆ సంపదలో చాలా భాగం నేడు చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నది. సేకరించినవారిని మనం తలచుకొంటాము. పేర్లు వ్రాసి అంటించిన గుమాస్తాలను ఎవరూ తలచుకోరు.

ఆ కైఫీయతులకు ఆధారాలు చాలా వరకు కరణాల ఇళ్ళలోని కవిలెలు. మా మేనమామ ఒక పల్లెకు కరణం. వారింట్లో నడవ పక్క గదిలో గుడ్డ మూటలు అటక దాకా పేర్చి ఉండేవి. ఏ మూట మీదా ఒక్క అక్షరం ఉండేది కాదు. రైతు వచ్చి ఫలానా చేను సంగతి అడిగితే, ఆయన చూడకుండానే చేయి చాచి ఆ మూటనే లాగేవాడు. గుడ్డ రంగు, ముడి వేసిన తీరు, ఎలుక కొరికిన మూల, ఇవే ఆయన గుర్తులు. చదువుకొంటున్న రోజుల్లో నేనొకసారి అడిగాను.

"మామయ్యా, వీటి మీద పేర్లు వ్రాసి పెట్టకూడదా?"

"వ్రాస్తే ఇక నాతో పనేముందిరా అబ్బాయీ?" అని నవ్వాడు.

ఆ నవ్వులో ఒక శతాబ్దం పాలన ఉన్నదని తరువాత తెలిసింది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్యపు గ్రామాధికారుల పదవులను రద్దుచేసింది. మూటలు బండ్లకెక్కినవి; వాటి క్రమం మాత్రం బండి ఎక్కలేదు, ఆయన తలలోనే ఉండిపోయింది. క్రొత్తగా వచ్చిన ఉద్యోగి పొరుగూరి నుంచి నెలల తరబడి మా మామయ్య దగ్గరకే రావలసి వచ్చింది. ఆయన చెప్పాడు, కాదనను. చెప్పకపోతే? కొందరు రైతుల పొలం హద్దు ఆ ముడుల్లోనే ఉండిపోయేది.

కట్టలకే కాదు, ఊళ్ళకూ ఇదే అవస్థ. మార్కాపురం కదలలేదు, కంభం చెరువూ కదలలేదు. కాని 1858లో ఇవి కడప జిల్లా నుంచి కర్నూలు జిల్లాకు మారినవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. ఈ సీమ చరిత్ర వెతికేవాడు ఏ ఏటి కాగితం ఏ జిల్లా పేరు మీద ఉన్నదో ముందు తేల్చుకొనాలి. పాత చీటీ చింపివేసి క్రొత్తది అంటించేటప్పుడు, పాత పేరు కూడా ఒక మూల వ్రాయటం మంచి పనివాడి లక్షణం.

పేర్ల విషయంలో రైలువారు నిజాయతీపరులు. గుంటూరు నుంచి గుంతకల్లు పోయే దారిలో మన స్టేషను పేరు మార్కాపురం కాదు, మార్కాపురం రోడ్. ఊరు ఇక్కడ లేదు, ఊరికి దారి ఇక్కడ ఉన్నది అని బోర్డే చెబుతుంది. చీటీలో ఉండవలసినది అదే: ఎక్కడ నుంచి, ఎక్కడికి. ఆ పట్టాల పక్కనే స్తంభాల మీద తంతి తీగలు సాగేవి. దేశంలో ఆ టెలిగ్రాము సేవ 2013 జూలైలో ముగిసింది.

ఇక పలక సంగతి. మార్కాపురం పలక ఒకప్పుడు దేశం నలుమూలలా పిల్లల చేతికి వెళ్ళేదని మీకు తెలుసు. అదే జాతి రాయికి మరొక ఉద్యోగం కూడా ఉండేదని చాలామందికి తెలియదు. విద్యుత్తు వచ్చిన క్రొత్తలో ఐరోపా, అమెరికాలలో స్విచ్చిబోర్డులు చెక్కతో కాక పలకరాతితోనో పాలరాతితోనో చేసేవారు. పలకరాయి మండదు, లోహపు చారలు లేకుంటే విద్యుత్తును పోనివ్వదు, పలుచగా చీలుతుంది, తొలుచుటకు వీలు. 1907లో బేక్‌లండ్ బేకలైటును కనిపెట్టిన తరువాత క్రమంగా ఆ రాయి వెనుకబడింది. ఆ బోర్డుల మీద ఏ మీట దేనిదో చెప్పటానికి చెక్కిన చిన్న పట్టీలను మరలతో బిగించేవారు. మన బడిలో బలపంతో వ్రాసి తుడిచే రాయి, అక్కడ తుడువరాని పేర్లను మోసింది.

పట్టీలు బిగించటం ఖర్చు. అందుకే తీగలకు రంగులు వచ్చినవి. మన దేశంలో మూడు ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రలుకు నలుపు, ఎర్తుకు ఆకుపచ్చ. ఇది బ్రిటిషు వారి పాత పద్ధతి. వారు ఐరోపాతో కలవటానికి 2004లో మార్పు మొదలుపెట్టి 2006 నుంచి క్రొత్త పనులన్నిటికీ దానిని తప్పనిసరి చేశారు. క్రొత్త పద్ధతిలో ఫేజులు గోధుమ, నలుపు, బూడిద, న్యూట్రలు నీలం. గమనించారా? పాత లెక్కలో నీలం ముట్టుకొంటే ప్రాణం పోయేది, క్రొత్త లెక్కలో అది న్యూట్రలు. నలుపు సరిగ్గా తలక్రిందులు. రెండు రకాల తీగలూ ఉన్న చోట బోర్డు మీద హెచ్చరిక చీటీ అంటించాలని అక్కడ నియమం చేశారు. రంగు మాట తప్పినప్పుడు అక్షరమే దిక్కయింది. మన ఊళ్ళలోనూ విదేశీ యంత్రాల తీగలు గోధుమ, నీలం రంగులతోనే వస్తున్నవి. గోడలోని నీలం ఒక అర్థం, యంత్రం తీగలోని నీలం మరొక అర్థం. పై ఊరి నుంచి వచ్చిన కుర్ర పనివాడు దేనిని నమ్మాలి?

వెనుక జిగురు ఉండి, ఒలిచి అంటించే చీటీని 1935లో లాస్ ఏంజెలిస్‌లో స్టాంటన్ ఏవరీ అనే ఆయన తయారుచేశాడు. ఇప్పుడు ఏ4 కాగితం మీద వరుసలుగా కోసిన చీటీలు ఏ పుస్తకాల అంగడిలోనైనా దొరుకుతాయి. కేబులుకు వీటిని అంటించటానికి రెండు పద్ధతులు. తీగ చుట్టూ తిప్పి రెండు కొనలను వెనుకవెనుక అంటించి జెండాలాగా వదలటం ఒకటి. సన్నని తీగకు ఇది మేలు. రెండు వైపులా చదువవచ్చు. చీటీలో సగం తెల్లగా, సగం పారదర్శకంగా ఉండి, పారదర్శకపు తోక అక్షరాల మీదుగా చుట్టుకొనేది రెండవది. దీనిలో అక్షరం చెమటకు, చేతి జిడ్డుకు చెరగదు.

తెలుగువాడి చిక్కు వేరే ఉన్నది. పాత డీటీపీ ఖతులతో ఒక కంప్యూటరులో కూర్చిన తెలుగు మరొక దానిలో తెరిస్తే పిచ్చిగీతలయ్యేది; ఆ బాధ పడని పాత బ్లాగరి ఎవరు? యూనికోడు చేసినది కూడా చీటీ పనే. 1991 నాటి తొలి ప్రతి నుంచే అందులో మన అక్షరాలకు సంఖ్యలున్నవి. అ అనే అక్షరానికి 3077. ఏ యంత్రంలో తెరిచినా అది అకారమే.

నేను పనిచేసిన ఉన్నత పాఠశాలలో కంప్యూటరు గది పెట్టినప్పుడు తీగలన్నిటికీ ఇంగ్లీషులో రెండేసి అక్షరాల గుర్తులు వ్రాసి పోయారు. వ్రాసినాయన బదిలీ మీద వెళ్ళాడు. గది తాళంచెవి ఉండే మా అటెండరుకు ఇంగ్లీషు రాదు, తెలుగు వార్తాపత్రిక మాత్రం అక్షరం వదలకుండా చదువుతాడు. కరెంటు ఎగసినప్పుడు ఏది పీకాలో తెలియక ఆయన మెయిను దించి, ఆఫీసు దాకా చీకటి చేసేవాడు. ఒక సెలవునాడు తీగలన్నిటికీ రెండు కొనల్లోనూ తెలుగు చీటీలు అంటించాను. అప్పుడే ఒక సంగతి బోధపడింది. వేలెడు చీటీలో మన ఒత్తులకు తావు చాలదు. అక్షరం తగ్గిస్తే ఒత్తు కనబడదు, పెంచితే వరుస పట్టదు. 'విద్యుత్ప్రవాహము' అని వ్రాయబోయి 'కరెంటు' అన్నాను. 'ముద్రణ యంత్రము' పోయి 'ప్రింటరు - గోడ వైపు' వచ్చింది. వ్యాకరణం చెప్పిన నోటితో ఈ మాట అనటానికి నాకేమీ సంకోచం లేదు. ఆ తరువాత మా అటెండరు ఎవరినీ పిలువలేదు.

ఇటీవలి కాలంలో మా వీధిలో కరెంటు స్తంభాల మీదుగా ఫైబరు తీగ వచ్చింది. స్తంభాల మీదుగా పల్లెలకు తీగ లాగిన రాష్ట్ర ఫైబరునెట్టును 2017 డిసెంబరులో రాష్ట్రపతి కోవింద్ ప్రారంభించారు. ఇప్పుడు ప్రైవేటు తీగలూ వాటి పక్కనే వేలాడుతున్నవి. తెగిన కేబులును అతికే కుర్రవాడు మా అరుగు మీదనే కూర్చొని పని చేసికొన్నాడు. ఒక గొట్టంలో వెంట్రుకలవంటి 12 పోగులు. వాటి వరుసకు ఎక్కువ దేశాల్లో ఒకటే కట్టుబాటు: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, ఆ తరువాత ఒక బూడిదరంగు పోగు.

"ఇదేం రంగు నాయనా?"

"స్లేట్ అంటారు సార్. పాత టెలిఫోను కేబుల్లో కూడా ఇదే పేరు."

మార్కాపురానికి ఇంత దగ్గరలో ఉండి స్లేటు అంటావేమిటయ్యా, పలక రంగు అను అన్నాను. నవ్వి, జేబులోని చీటీల పొత్తం తీసి, అయిదవ పోగు ఎదుట 'పలక' అని వ్రాసికొన్నాడు.