ఓడను చూసే కన్ను ఎవరిది?

సముద్రంలో దెబ్బతిన్న ఓడ రేవు చేరాక వెల్డరు కంటే ముందు సర్వేయరు ఎక్కుతాడు. ఎక్కడ పగిలింది, ఎందుకు పగిలింది, ఏ రేకు మార్చాలి, మళ్లీ సముద్రం మీదికి పంపవచ్చా అని అతను తేల్చాకే పని మొదలవుతుంది. చాలాసార్లు ఒక్కరు కాదు, ముగ్గురు నలుగురు వస్తారు: బీమా కంపెనీ మనిషి, ఓడ గట్టిదనానికి తరగతి కట్టి ‘క్లాస్’ సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ మనిషి, యజమాని తరఫు మనిషి, ఓడ ఏ దేశపు జెండా ఎగరేస్తుందో ఆ దేశం మనిషి. ఒకే పగులు గురించి నలుగురు నాలుగు రకాలుగా రాయడమూ ఉంటుంది. ఈ ఏర్పాటంతా నావికుల ప్రాణాలు కాపాడటానికి పుట్టిందని అనుకుంటాం. దీని చరిత్ర మాత్రం డబ్బు పెట్టినవాడి భయంతో మొదలైంది. కాబట్టి ఈ పరీక్షల గురించి మాట్లాడేటప్పుడు ఎంత బాగా చూశారన్న దానికంటే ముందు ఎవరి తరఫున చూశారన్నది అడగాలి.

అసలు విరిగిన ఓడను పరీక్షించాలన్న ఆలోచన రావాలంటే అది ఇంకా ఎవరో ఒకరి సొత్తుగా మిగలాలి. పాత కాలంలో అలా మిగిలేది కాదు. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడ ఏ తీరం తాకితే ఆ తీరపు పాలకుడిదయ్యేది. ఈ సంగతికి మనవైపే గట్టి సాక్ష్యం ఉంది. క్రీ.శ. 1244 నాటి మోటుపల్లి అభయ శాసనంలో కాకతీయ గణపతిదేవుడు, పూర్వపు రాజులు ఇలా చిక్కిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు బలవంతంగా లాక్కునేవారని స్వయంగా చెప్పి, తాను మాత్రం న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని మాట ఇచ్చాడు. దీన్ని రాజు ఔదార్యంగా చదవడం మామూలే. నాకు అందులో వ్యాపార బుద్ధే ఎక్కువగా కనిపిస్తుంది, అది తప్పూ కాదు. సరుకు దోచేసే రేవుకు ఓడ రెండోసారి రాదు. దెబ్బతిన్న ఓడ యజమానిదేనని ఒప్పుకున్న చోటే మరమ్మతుకు వీలుంటుంది. అలాంటి మరమ్మతు చోట్లు యూరప్‌లోనే పుట్టలేదు. సాంగ్ వంశపు కాలంలో, పదకొండో శతాబ్దంలోనే, చైనాలో రాజుగారి ఓడ అడుగు బాగుచేయడానికి నీళ్లు తోడేసే డ్రై డాక్ కట్టిన ముచ్చట షెన్ కువో అనే పండితుడు రాసిపెట్టాడు. ఇంగ్లండ్‌లో పోర్ట్స్‌మత్ డ్రై డాక్ 1495 నాటిది. గోదావరి ముఖంలోని కోరంగిలో 1802లో కట్టిన డాక్‌లో బ్రిటిష్ నౌకాదళపు ఓడలను సైతం బాగుచేశారు.

డాక్ ఉంటే చాలదు, చూసినదాన్ని నమ్మేలా రాసే మనిషి కావాలి. ఆ మనిషి లండన్‌లో తయారయ్యాడు. పదిహేడో శతాబ్దం చివర ఎడ్వర్డ్ లాయిడ్ నడిపిన కాఫీ హౌస్‌లో ఓడల బీమా బేరాలు సాగేవి. పందెం కాసేవాడికి ఓడ గట్టిదో పుచ్చుదో తెలియాలి. 1760లో బీమా వ్యాపారులు సంఘంగా కూడి, 1764 నాటికి ఓడల తొలి రిజిస్టరు అచ్చేశారు. అందులో ఓడ దేహానికి ఎ, ఇ, ఐ, ఒ, యు అనే అక్షరాలు, లంగర్లూ తాళ్లూ వంటి సరంజామాకు మంచి, మధ్యరకం, చెడ్డ అన్న గుర్తులు. సరంజామాకు తర్వాత అంకెలు వచ్చాయి. మనం ఇప్పటికీ సరుకును మెచ్చుకుంటూ అనే ‘ఏ వన్’ ఆ పుస్తకంలోదే. అయితే అది సభ్యులు డబ్బు కట్టి తమకోసం రాయించుకున్న పుస్తకం. అందులో నావికుడి ఊసు లేదు. పైగా 1790ల చివరికి ఓడను ఎక్కడ కట్టారు, ఎన్నేళ్లయింది అన్న రెండు లెక్కలతోనే తరగతి ఇచ్చే పద్ధతి పట్టుకుంది. థేమ్స్ ఒడ్డున కట్టిన ఓడకు పై తరగతిలో ఎక్కువ ఏళ్లు, మిగతా ఊళ్ల ఓడలకు తక్కువ. యజమాని ఎంత శ్రద్ధగా బాగుచేయించినా వయసు మీరితే తరగతి పోయేది; అసలు బాగుచేయించకపోయినా గడువు వరకు నిలిచేది. మరమ్మతుకు విలువ లేని పరీక్ష ఎవరికి మేలు? కడుపు మండిన ఓడ యజమానులు 1799లో పోటీ రిజిస్టరు పెట్టారు. రెండు పుస్తకాలూ ఒకదానినొకటి దివాలా అంచుకు నెట్టుకున్నాక, 1834లో కలిసి లాయిడ్స్ రిజిస్టర్ అయ్యాయి. కొత్త నియమాలలో పరీక్ష చేసి, మరమ్మతు చేయిస్తే పోయిన తరగతి తిరిగి దక్కే దారి పెట్టారు. ఇవాళ దెబ్బతిన్న ప్రతి ఓడకూ జరిగే పరీక్షకు పునాది ఈ ఒక్క నియమమేనంటాను. కానీ అదే సమయంలో ఇంకో మార్పు జరిగింది. పరీక్ష రుసుము ఓడ యజమాని కట్టడం మొదలైంది.

అంటే చూసేవాడు యజమాని డబ్బు మీద ఆధారపడ్డాడు. ప్రభుత్వం కలగజేసుకున్నాక ఈ లోపం సర్దుకుందని కొందరంటారు. బ్రిటన్‌లో ఎంపీ శామ్యూల్ ప్లిమ్సాల్ పోరాటం ఫలించి 1876లో ఓడ పక్కన, అది దాటి మునిగేలా సరుకు నింపకూడదనే భారపు గీత తప్పనిసరి చేసిన మాట నిజం. కానీ ఆ గీత ఎంత ఎత్తున వేయాలన్నది 1890 వరకు యజమాని చేతిలోనే ఉంది! చట్టం వచ్చింది, చూసే కన్ను మాత్రం మారలేదు.

నా వాదనకు బలమైన ప్రత్యుత్తరం వేరే ఉంది. కొన్ని దెబ్బలు ఎంత నిజాయితీపరుడికీ కనపడవని. ఒప్పుకోవాల్సిన మాటే. 1770 జూన్‌లో కెప్టెన్ కుక్ ఓడ ఎండెవర్ ఆస్ట్రేలియా తీరంలో పగడపు దిబ్బకు గుద్దుకుంది. నది ఒడ్డున వాల్చి చూస్తే రంధ్రంలో పగడపు ముక్క ఒకటి బిరడాలా ఇరుక్కుని ఉంది; అదే ఓడను కాపాడింది. ఏడు వారాలు అక్కడే ఉండి బాగుచేసుకుని బయల్దేరారు. తర్వాత బటేవియా (ఇప్పటి జకార్తా) దగ్గర పూర్తిగా పక్కకు తిప్పి చూసినప్పుడు, అడుగు పలకలు కొన్ని అంగుళంలో ఎనిమిదో వంతు మందానికి అరిగిపోయి ఉన్నాయని తేలింది. ఒడ్డున వాల్చినప్పుడు ఓడ అడుగంతా నీటి పైకి రాలేదు. అక్కడ ప్రాణం పణంగా పెట్టి చూసింది ఆ ఓడవాళ్లే కదా, మోసానికి తావెక్కడ? ఇక 1943 జనవరి 16న అమెరికాలో షెనెక్టడీ అనే కొత్త ట్యాంకర్ రేవులో కదలకుండా ఉండగానే పెద్ద చప్పుడుతో నడిమికి విరిగింది. చలికి ఉక్కు పెళుసుబారి విరుగుతుందని కేంబ్రిడ్జ్‌లో కాన్‌స్టన్స్ టిప్పర్ పరిశోధన వల్ల తేటతెల్లమైంది. షెనెక్టడీని అతికి, మళ్లీ నడిపారు. ఇలాంటివి విజ్ఞానం చాలకపోవడం వల్ల వచ్చిన ప్రమాదాలు, విజ్ఞానం పెరిగాక తగ్గాయి. తుప్పు అలాంటిది కాదు. తుప్పుకు కావలసింది సుత్తి, మందం కొలిచే పరికరం, ట్యాంకులోకి దిగే ఓపిక. వాటితో తెలిసేదాన్ని తెలుసుకోకపోతే నెపం విజ్ఞానం మీద వేయలేం.

ఎరికా సంగతి అదే. 1975లో కట్టి, మాల్టా జెండా కింద నడిచిన ఈ ట్యాంకర్ 1999 డిసెంబరు 12న సుమారు 31 వేల టన్నుల ఇంధన నూనెతో ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరం దగ్గర రెండు ముక్కలైంది. సిబ్బంది 26 మందీ బతికారు, వందల కిలోమీటర్ల తీరం నల్లబడింది. ఏడాది ముందే, 1998లో, మాంటెనెగ్రోలోని బియెలా యార్డులో దానికి మరమ్మతు జరిగింది. ఖర్చు తగ్గించుకోవడానికి ఆ పనిని కుదించారని పారిస్ కోర్టు 2008లో తేల్చింది. వ్యాపార ఒత్తిడికి లోబడి హడావిడిగా క్లాస్ సర్టిఫికెట్ పునరుద్ధరించిందని ఇటలీ సంస్థ రీనాను కూడా దోషిగా ప్రకటించింది. పేరు చెడితే బతకలేమన్న భయమే ఇలాంటి సంస్థలను నిజాయితీగా ఉంచుతుందని వాదించేవారికి ఈ తీర్పు జవాబు. పేరు చెడేది ఓడ మునిగాక. రుసుము ఇచ్చే ఖాతాదారు పోయేది సర్టిఫికెట్ నిరాకరించిన రోజే. ఈ రెండు భయాల్లో రెండోది ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటుంది. 2012 సెప్టెంబరులో ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం ఆ తీర్పునే ఖరారు చేసింది.

యజమాని రుసుముతో సంబంధం లేని పరీక్ష ఒకటుంది. ఓడ ఆగిన రేవు దేశమే అధికారులను ఎక్కించి చూసే పద్ధతి. 1978లో అమోకో కాడిజ్ అనే ట్యాంకర్ నూనె బ్రిటనీ తీరాన్ని ముంచాక, 1982లో యూరప్ దేశాలు పారిస్‌లో దీనికి ఒప్పందం చేసుకున్నాయి. ఇలాంటిదే అయిన హిందూ మహాసముద్ర దేశాల ఒప్పందంలో మనమూ ఉన్నాం, దాని కార్యాలయం గోవాలో ఉంది. విశాఖ, కృష్ణపట్నం, కాకినాడ రేవులకు వచ్చే విదేశీ ఓడలు దీని కిందికే వస్తాయి. ఆ అధికారికి దొరికేది కొద్ది గంటలు, ట్యాంకులన్నీ తెరిపించి చూసే తీరిక ఉండదు. అయినా అతను ఓడ యజమాని దగ్గర బిల్లు వసూలు చేసుకోవాల్సిన మనిషి కాదు. అందుకే ఇలాంటి అధికారుల సంఖ్య పెంచడం, వాళ్ల అధికారం పెంచడం అన్నిటికంటే చౌకైన సంస్కరణ. ఇకపై మన తీరంలో ఏ ఓడైనా మునిగిందని వార్త వస్తే కెప్టెన్ పేరు, గాలివాన వేగం మాత్రమే చదివి ఊరుకోకండి. ఆ ఓడ చివరిసారి ఎక్కడ బాగుపడింది, ఆ కాగితం మీద సంతకం ఎవరిది, సంతకం చేసినవాడికి డబ్బు ఇచ్చింది ఎవరు అని అడగండి.