కప్పు కారుతుంటే అతికించే తారు షీటు: ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ ఊడుతుంది

గింజలు నిల్వ చేసిన గదిలో ఒక్క మూల కారినా నష్టం ఆ మూలతో ఆగదు. తడిసిన మొక్కజొన్నకు, వేరుశనగకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. గింజను మళ్లీ ఎండబెట్టినా ఆ విషం పోదు. ఆ దాణా తిన్న గేదె పాలలోకి కూడా వస్తుంది. కాబట్టి కప్పు మరమ్మతు తొలకరికి ముందే ముగించుకోవాలి.

ఇందుకోసం హార్డ్‌వేర్ దుకాణాల్లో అతికించే తారు షీట్లు, టేపులు దొరుకుతున్నాయి. వెనుకవైపు పొర ఊడదీసి అంటించడమే, మంటతో పని లేదు. గడ్డివాము పక్కన గ్యాసు మంటతో తారు షీటు కాల్చి అతికించడం కన్నా ఇది ఎంతో మేలు. అయితే దుకాణంలో చూపించిన షీటల్లా మన కప్పుకు సరిపోదు.

ఎలాంటిది కొనాలి

ఈ రకం షీటు అమెరికా, కెనడా లాంటి చలి ప్రాంతాల ఇళ్లకు ఎక్కువగా వాడతారు. అక్కడ కప్పు మీది మంచు ఇంటి వేడికి కరిగి, చూరు దగ్గరకు వచ్చేసరికి మళ్లీ గడ్డకడుతుంది. ఆ గడ్డ వెనుక నిలిచిన నీరు పైకి ఎగబాకి లోపలికి కారుతుంది. దాన్ని ఆపడానికి చూరు వెంట ఈ షీటు పరిచి, దాని మీద కప్పు వేస్తారు. అంటే అక్కడ అది ఎండ తగలకుండా అడుగున ఉంటుంది. అదే షీటును మనం రేకు మీద బయటికి వదిలేస్తే, ఎండకు పైనున్న ప్లాస్టిక్ పొర పెళుసుబారి చిట్లుతుంది, తారు మెత్తబడి జారుతుంది.

అందుకని ఎండ తగిలే చోట పైన అల్యూమినియం పొర ఉన్నదే తీసుకోవాలి. పైన ప్లాస్టిక్ పొర ఉన్న నల్ల షీటు, మీద సిమెంటు పూతో పలకలో వేసే డాబాకే పనికొస్తుంది. ఇనుప రేకు వేసవి మధ్యాహ్నం 60 డిగ్రీలు దాటడం మామూలే. ఎంత వేడి వరకు ఆగుతుందో ప్యాకెట్ మీద రాసి ఉందా అని అడగండి. రాసి లేకపోతే వేరేది చూడండి.

రేకుల షెడ్డు

రేకుల షెడ్డు మొత్తానికి షీటు పరచడం డబ్బు వృథా. రేకు వంపుల్లో వెడల్పు షీటు సరిగా అంటదు, కింద గాలి మిగులుతుంది. కారేది సాధారణంగా బోల్టుల దగ్గర, రేకు మీద రేకు కలిసే చోట, కొప్పు రేకు అంచుల్లో. ముందు వదులైన బోల్టులు బిగించి, చిట్లిన వాషర్లు మార్చండి. సగం కారుడు అక్కడే ఆగిపోవచ్చు. మిగిలిన చోట్ల 10 సెంటీమీటర్ల వెడల్పు టేపు చాలు.

చూరు దగ్గర మొదలుపెట్టి పైకి అంటించుకుంటూ వెళ్లాలి. పై ముక్క అంచు కింది ముక్క మీదికి రావాలి, లేదంటే వాననీరు అతుకులోకే దిగుతుంది. దుమ్ము, తుప్పు పొట్టు, పాత తారు మిగిలి ఉంటే టేపు వాటికే అంటుకుని వాటితోపాటే లేచిపోతుంది. పొద్దున మంచు తడి ఆరాక, రేకు కాలకముందు పని చేయాలి. ప్రతి అంగుళం గట్టిగా నొక్కాలి, వంపు లోపల మరీ ముఖ్యం.

సిమెంటు రేకులైతే రెండు జాగ్రత్తలు తప్పవు. వాటిలో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు ఇనుప బ్రష్షుతో గీకకూడదు, ఆ పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిపి, మెత్తని బ్రష్షుతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. రెండోది ఇంకా ముఖ్యం: పాత సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెట్టవద్దు. రేకు విరిగి కింద పడి ప్రాణాలు పోయినవారున్నారు. బోల్టుల వరుస మీదుగా, అంటే కింద వాసం ఉన్న చోట, కనీసం రెండు వాసాలకు ఆనేలా గట్టి చెక్క పలక వేసి దాని మీదే కదలాలి. ఒంటరిగా ఎక్కవద్దు. కుదిరితే లోపలి నుంచి నిచ్చెన వేసి కారే చోటు గుర్తించి, విరిగిన రేకును మార్చేయడమే మంచిది.

ఇంకొక మాట. చలికాలం తెల్లవారుజామున ఇనుప రేకు కింద చుక్కలు పడితే అది కారుడు కాకపోవచ్చు. పశువుల ఊపిరి, పేడ, గంజుల తేమ చల్లని రేకుకు తగిలి నీరవుతుంది. దానికి పైన ఏ షీటు వేసినా ప్రయోజనం లేదు. కొప్పు దగ్గర, గోడల పైభాగంలో గాలి ఆడేలా చూడాలి.

డాబా గది

స్లాబు లోపల తడి ఉంటే ఎండకు అది ఆవిరై షీటును బుడగల్లా లేపుతుంది. ముందురోజు సాయంత్రం ఒక మీటరు ప్లాస్టిక్ కవరు పరిచి నాలుగు అంచులకూ టేపు వేయండి. పొద్దున కింద నీటి చెమ్మ కనిపిస్తే ఇంకా ఆరాలి. కొత్త స్లాబుకైతే 28 రోజులు ఆగాలి. తర్వాత తారు ప్రైమరు పూసి, చేతికి అంటకుండా ఆరాక షీటు పరచాలి. పిట్టగోడ మూలను సిమెంటుతో గుండ్రంగా చేసి, షీటును గోడ మీదికి 15 సెంటీమీటర్లు ఎక్కించాలి. పక్క అతుకు 10, చివరి అతుకు 15 సెంటీమీటర్లు ఉండాలి.

మీటరు వెడల్పు, 20 మీటర్ల పొడవు రోలు అతుకులు పోను సుమారు 190 చదరపు అడుగులకే వస్తుంది. 12 అడుగులు, 16 అడుగుల గదికి ఒక రోలు సరిపోతుందని దుకాణంలో చెబుతారు. పిట్టగోడకు ఎక్కించే ముక్కలు లెక్కేస్తే చాలదు. అంటించాక నీటి గొట్టం మూసి, ఒక రోజంతా రెండు అంగుళాల నీరు నిలిపి కింద చూసుకోండి. ఆ తర్వాతే పైన సిమెంటు పూత వేయించాలి. పూత పడ్డాక లోపం దొరికితే పగలగొట్టక తప్పదు.