నోటి నుంచి ఊపిరితిత్తికి: చీముగడ్డ పుట్టుపూర్వోత్తరాలు

ఊపిరితిత్తిలో ఒక భాగం సూక్ష్మజీవుల దాడికి కుళ్ళి, కరిగి, చీముతో నిండిన గుల్లగా మారితే దాన్ని ఊపిరితిత్తుల చీముగడ్డ అంటారు. హిప్పోక్రటీస్ పేరిట నిలిచిన గ్రీకు గ్రంథాల్లో ఛాతీని కోసి చీము తీసే పద్ధతి కనిపిస్తుంది. సుశ్రుత సంహిత శరీరం లోపల పుట్టే గడ్డలను అంతర్విద్రధులని వేరుగా వర్ణించింది. అయితే చీము ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరల్లో చేరిందా, ఊపిరితిత్తిలోనే ఉందా అని బతికున్న రోగిలో తేల్చుకోవడం ప్రాచీనులకు సాధ్యం కాలేదు. 1816లో స్టెతస్కోపును కనిపెట్టిన ఫ్రాన్సు వైద్యుడు లెన్నెక్, ఛాతీలో వినిపించిన శబ్దాలను మరణానంతరం శవపరీక్షలో కనిపించిన మార్పులతో పోల్చి 1819లో గ్రంథంగా ప్రచురించిన తరువాతనే ఈ తేడాకు ఆధారం దొరికింది. 1895లో ఎక్స్‌రే వచ్చాక గుల్ల కంటికే కనబడసాగింది.

గడ్డ కనబడింది గాని అది ఎందుకు పుడుతుందన్న ప్రశ్న మరో మూడు దశాబ్దాలు తెగలేదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో టాన్సిల్స్ ఆపరేషన్ చేయించుకున్నవారిలో కొందరికి కొద్ది రోజుల్లోనే ఈ గడ్డ రావడం వైద్యులను కలవరపరచింది. సూక్ష్మజీవులు రక్తం ద్వారా చేరుతున్నాయని కొందరు, మత్తులో ఉన్న రోగి గొంతులోని రక్తం, ఉమ్మి శ్వాసనాళంలోకి జారుతున్నాయని మరికొందరు వాదించారు. అమెరికాకు చెందిన డేవిడ్ స్మిత్ 1920ల చివర ఈ వాదాన్ని తేల్చే దారి చూపాడు. చీముగడ్డతో మరణించినవారి గడ్డ గోడల్లో ఉన్న సూక్ష్మజీవులు చిగుళ్ళ సందుల్లో ఉండేవాటిని పోలి ఉన్నాయని గుర్తించి, చిగుళ్ళవ్యాధి ఉన్నవారి నోటి నుంచి తీసిన సూక్ష్మజీవుల మిశ్రమంతో జంతువుల్లో అదే గడ్డను పుట్టించాడు. ఇవి ఎక్కువగా ప్రాణవాయువు లేనిచోట పెరిగే రకాలు. గడ్డ చీముకుండే భరించలేని దుర్వాసనకు కారణం ఇవే.

లండన్ శస్త్రవైద్యుడు రస్సెల్ బ్రాక్ 1940లలో ఇంకో అడుగు ముందుకు వేసి, గడ్డ ఎక్కడ వస్తుందన్నది రోగి పడుకున్న తీరును బట్టి ఉంటుందని చూపాడు. కుడి శ్వాసనాళం ఎడమదానికన్నా వెడల్పుగా, నిటారుగా ఉంటుంది కనుక జారినది ఎక్కువగా అటే పోతుంది. వెల్లకిలా పడుకున్న మనిషిలో అది ఊపిరితిత్తి పై తమ్మె, అంటే పై ఖండం, వెనుక భాగంలోనో, కింది తమ్మె పైభాగంలోనో ఆగుతుంది. ఆరోగ్యవంతుల్లోనూ నిద్రలో కొంత ఉమ్మి జారుతూనే ఉంటుంది, దగ్గు దాన్ని వెళ్ళగొడుతుంది. మత్తు, ఫిట్స్, పక్షవాతం వంటివి ఆ దగ్గును అణచినప్పుడు, దానికి పుచ్చిన పళ్ళూ చీముపట్టిన చిగుళ్ళూ తోడైనప్పుడు గడ్డకు దారి పడుతుంది.

ఈ వరుసంతా నిజామాబాద్ జిల్లాకు ఎంత దగ్గరిదో గమనించాలి. 2016లో మండలంగా ఏర్పడిన ఏర్గట్ల, దాని చుట్టూ ఉన్న వరి, పసుపు పండించే పల్లెలు ఈ జిల్లాలోవే. ఇక్కడి కూలినాలి జనానికి పొద్దుగూకాక కల్లు దుకాణానికి పోవడం తరాలనాటి అలవాటు. చెట్టు కల్లు చాలని చోట డైజోపాం, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపి అమ్మే మందు కల్లు జిల్లాను ఏళ్ళ తరబడి పీడించింది. ఇవి నిద్ర పుట్టించే మందులు. మోతాదు మించితే దగ్గునూ, మింగడాన్నీ మొద్దుబారుస్తాయి. 2015లో కల్తీపై కట్టడి పెరిగినప్పుడు, అలవాటుపడినవారు మందు అందక వణుకుతో, మతిభ్రమణతో, ఫిట్స్‌తో ఆసుపత్రులకు చేరారు. తాగి పడిపోయినా, మానలేక ఫిట్స్ వచ్చినా నోటిలోనిది ఊపిరితిత్తిలోకి జారే ప్రమాదం ఒకటే కాబట్టి, ఈ ప్రాంతంలో చీముగడ్డ చరిత్రను కల్తీ కల్లు చరిత్ర నుంచి విడదీసి చెప్పడం సరికాదు.

కల్లుతో ముడిపడిన మరో దారి కాలేయం గుండా వస్తుంది. అమీబా వల్ల కాలేయంలో పుట్టే గడ్డ కల్లు తాగేవారిలో ఎక్కువని దక్షిణాది వైద్యులు ఎన్నోసార్లు గమనించారు. అది ముదిరి విభాజక పటలాన్ని, అంటే ఛాతీకీ కడుపుకూ నడిమి పొరను చీల్చుకుని కుడి ఊపిరితిత్తిలోకి పగిలితే రోగి చాక్లెట్ రంగు తెమడ కక్కుతాడు. 1912లో కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్ ఎమెటీన్ సూదిమందుతో అమీబా జబ్బులకు చికిత్స చూపాడు; నేడు ఆ స్థానం మెట్రోనిడజోల్‌ది. అదే కాలంలో రంగూన్‌లో విట్‌మోర్, కృష్ణస్వామి గుర్తించిన మెలియాయిడోసిస్ కూడా వరి రైతులున్న ఏ జిల్లాలోనైనా గుర్తుంచుకోదగినది. బురదలో, నీటిలో బతికే సూక్ష్మజీవి వల్ల వచ్చే ఈ జబ్బు ముఖ్యంగా చక్కెరవ్యాధి ఉన్నవారిలో క్షయను అచ్చంగా పోలిన గుల్లలను చేస్తుంది.

జ్వరం, చెమటలు, బరువు తగ్గడం, దగ్గు, కొన్నిసార్లు తెమడలో రక్తం: వారాల తరబడి సాగే ఈ చీముగడ్డ లక్షణాలన్నీ క్షయలోనూ ఉండేవే కావడం వల్ల, గుల్ల కనబడగానే టీబీ అని తేల్చేయడం సులువు. తేడా తెమడలో ఉంది. గడ్డ శ్వాసనాళంలోకి పగిలినప్పుడు ఒక్కసారిగా గిన్నెడు తెమడ పడుతుంది, గదంతా కంపు కొడుతుంది. దాన్ని గాజుపాత్రలో కాసేపు కదపకుండా ఉంచితే పైన నురగ, నడుమ పలచని నీరు, అడుగున చిక్కని చీముగా మూడు పొరలు తేరుకుంటుంది. ఎక్స్‌రేలో గుల్ల లోపల చీము మట్టం అడ్డగీత గీసినట్టు, దానిపైన గాలి నల్లగా కనిపిస్తుంది. తెమడను సీబీనాట్ పరీక్షకు పంపి క్షయ లేదని నిర్ధారించుకోవడం, సీటీ స్కాన్‌తో గుల్ల స్వరూపం చూడడం ఆ తరువాతి మెట్లు. పళ్ళు పూర్తిగా ఊడిన వృద్ధునికి గడ్డ వస్తే మాత్రం వైద్యుడు మరింత జాగ్రత్తపడతాడు: చిగుళ్ళ సందులే లేనిచోట ఈ సూక్ష్మజీవులు అంతగా ఉండవు కనుక, శ్వాసనాళాన్ని మూసిన క్యాన్సర్ ఉందేమోనని బ్రాంకోస్కోపు, అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టం, లోపలికి పంపి చూస్తాడు.

యాంటీబయాటిక్స్‌కు ముందు ఈ రోగుల్లో సుమారు మూడింట ఒకవంతు మంది మరణించేవారు. రోగిని తల వాల్చి పడుకోబెట్టి చీము కారనివ్వడం, లేదా పక్కటెముక తొలగించి గడ్డను కోయడం తప్ప వేరే ఉపాయం ఉండేది కాదు. న్యూయార్క్‌లో హెరాల్డ్ న్యూహాఫ్ 1930లలో ఆ కోతను ఒకే విడతలో, త్వరగా చేయడం వల్ల మరణాలు తగ్గుతాయని చూపాడు. 1940లలో పెన్సిలిన్ వచ్చి కత్తిని చాలావరకు పక్కన పెట్టింది. 1948లో వెలువడిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది. ఊపిరితిత్తుల చీముగడ్డకు వాడిన మందుల్లో ఆ కుటుంబమూ చేరింది. ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన లెడర్లే పరిశోధనశాలకు నాయకత్వం వహించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే సంవత్సరం ఆగస్టులో ఆయన కన్నుమూశాడు.

నేడు అమాక్సిసిలిన్-క్లావులానేట్, ఆంపిసిలిన్-సల్‌బాక్టమ్, క్లిండమైసిన్ ప్రధానమైన మందులు. అమీబా గడ్డను మాన్పే మెట్రోనిడజోల్ నోటి సూక్ష్మజీవుల గడ్డకు ఒంటరిగా చాలదు, ఎందుకంటే మిశ్రమంలోని కొన్ని రకాలు దానికి లొంగవు. జ్వరం వారం పది రోజుల్లో దిగినా, ఎక్స్‌రేలో గుల్ల మూసుకునేదాకా, లేదా కదలని చిన్న మచ్చగా మిగిలేదాకా మందు ఆపకూడదు. దీనికి మూడు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. దినకూలికి అన్ని వారాలు పని మానడం, ఏర్గట్ల నుంచి ఆర్మూరు దాటి నిజామాబాద్ దాకా మళ్ళీ మళ్ళీ రావడం కష్టమే గాని, మధ్యలో ఆపితే గడ్డ తిరిగి నిండుతుంది. మందులకు లొంగని పెద్ద గడ్డలోకి స్కాన్ సాయంతో సన్నని గొట్టం పెట్టి చీము తీస్తారు. రక్తం ఆగకుండా పడుతున్నవారికి, క్యాన్సర్ ఉన్నవారికి ఆ తమ్మెను తొలగించే శస్త్రచికిత్స ఇప్పటికీ అవసరమవుతుంది.