కుందేలు పేగులో దొరికిన కలరా విషం

తెలంగాణలో మన పెద్దోళ్ళు కలరాని గత్తర అంటారు. ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేసిన జబ్బు అది. అసలు అది మనిషిని ఎలా చంపుతుందో కనిపెట్టింది మనోడే, కలకత్తా డాక్టర్ శంభునాథ్ డే. ఆయన పేరు మన స్కూల్ పుస్తకాల్లో చూసిన గుర్తు నాకైతే లేదు.

1884లో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ కలకత్తాలోనే కలరా బ్యాక్టీరియా మీద పనిచేశారు. అది ఏదో విషం వదులుతోందని ఆయనకి అనుమానం. కానీ ఆ విషం 75 ఏళ్ళు దొరకలేదు! చాలామంది బ్యాక్టీరియాని జంతువుల రక్తంలోకి ఎక్కించి చూశారు మరి. బగ్ ఒక ఫైల్‌లో ఉంటే ఇంకో ఫైల్‌లో వెతికినట్టు.

డే గారి లాజిక్ సింపుల్. రోగికి అయ్యేవి బియ్యం కడిగిన నీళ్ళలాంటి విరేచనాలు. అంటే గొడవంతా పేగులోనే. కుందేలు చిన్నపేగులో ఒక ముక్కకి రెండు వైపులా దారంతో ముడి వేసి, మధ్యలోకి బ్యాక్టీరియా ఎక్కించారు. మర్నాటికి ఆ ముక్క నీళ్ళతో ఉబ్బిపోయింది. ఇది 1953 నాటి మాట. 1959లో బ్యాక్టీరియా పెరిగిన ద్రవాన్ని వడగట్టి, ఒక్క క్రిమి కూడా లేకుండా ఎక్కించారు. అయినా పేగు ఉబ్బింది. అంటే పని చేసేది క్రిమి వదిలిన విషం! ఆ పేపర్ నేచర్ పత్రికలో వచ్చింది.

ఆ విషాన్ని శుద్ధి చేసే సదుపాయం ఆయనకి లేదు. ఆ పని 1969లో అమెరికాలో ఫింకెల్‌స్టైన్ వాళ్ళు చేశారు. ఆ విషంలో రెండు భాగాలున్నాయి. ఒకటి పేగు కణాన్ని పట్టుకుంటుంది, రెండోది లోపలికెళ్ళి కుళాయి కట్టెయ్యనివ్వదు. పట్టుకునే భాగం ఒక్కటే అయితే హాని చెయ్యదు. డ్యూకోరల్ అనే నోటి టీకాలో, చంపిన బ్యాక్టీరియాతో పాటు దాన్నే వేస్తారు. మన ఇమ్యూనిటీ ఆ పట్టుని ముందే గుర్తుపట్టి అడ్డుకుంటుంది.

నోబెల్ గ్రహీత లెడర్‌బర్గ్ డే గారి పేరుని నోబెల్‌కి ఒకటికి రెండుసార్లు పంపారు. రాలేదు. సరే, అది వాళ్ళిష్టం. కానీ మన దేశంలో ఒక్క సైన్స్ అకాడమీ కూడా ఆయన్ని ఫెలోగా తీసుకోలేదు, నాకు కోపం వచ్చేది దీనికే. 1978లో నోబెల్ సింపోజియంకి పిలిస్తే, ఎప్పుడో చచ్చిపోయిన నన్ను మళ్ళీ తవ్వి తీశారన్న అర్థంలో మాట్లాడారట. 1985లో చనిపోయారు.

ఇంకో విషయం. ఆ విషం పేగు కణాల్ని చంపదు, అవి ఉప్పునీ చక్కెరనీ పీల్చుకుంటూనే ఉంటాయి. ఓఆర్ఎస్ పనిచేసేది అందుకే. 1971లో శరణార్థి శిబిరంలో దిలీప్ మహలనబిస్ దాన్ని డ్రమ్ముల్లో కలిపి తాగించిన కథ నెక్స్ట్ ఎపిసోడ్‌లో.